కొండమ్మకిచ్చిన మంచినీళ్ళు

కిగాలి, రువాండా
14 జులై 2025

ప్రభువులో ప్రియమైన అక్కకి, తమ్ముడు శశిధర్ వందనాలు చెప్పి రాస్తున్నది.

క్షేమంగా దిగాం. ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను, ఎలాగూ మొదట అదే అడుగుతావు. నువ్వు కట్టిచ్చిన కందిపొడీ ఉప్పుచేపలూ ఎయిర్‌పోర్టులో ఆపేశారు. వాటి మీద వాళ్ళకేం కోపం లేదు, నువ్వు చుట్టిన ప్లాస్టిక్ కవర్ల మీదే. ఈ దేశంలో కవరు కనబడకూడదట. ఒకాయన ఓపిగ్గా నీ ముడులన్నీ విప్పి, కందిపొడి కాగితం సంచిలో పోసిచ్చాడు. ఉప్పుచేప పొట్లం విప్పగానే మాత్రం వెనక్కి జరిగాడు. ఆ పొట్లం మళ్ళీ నా చేతికి రాలేదు. మా గుడివాడ పాస్టరు గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

ఫోనులో మాట నీకు వినబడదు కాబట్టి మన పాత పద్ధతే. కాగితం మీద రాసి, ఫొటో తీసి, కోడలు వెన్నెల ఫోనుకి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాసి పంపు. నేను కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటున్నావా? పెట్టుకోవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

బందరు, గుడివాడ, అవనిగడ్డ సంఘాల నుంచి వచ్చినవాళ్ళమందరం ఒకే హాస్టల్లో ఉన్నాం. ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడ పక్కింటివాళ్ళే పక్కింటివాళ్ళని నరికారు. ప్రాణభయంతో చర్చిల్లోకి పరిగెత్తినవాళ్ళని చర్చిల్లోనే చంపారు. అలాంటి మనుషులు మళ్ళీ ఒకే ఊళ్ళో ఎలా బతుకుతున్నారు, దానికి విశ్వాసం ఏం సాయం చేసింది, ఇదంతా చూసి నేర్చుకుని రమ్మని మమ్మల్ని పంపారు. తిరిగొచ్చాక మన సంఘాల్లో చెప్పాలి.

నిన్న అలాంటి ఒక చర్చికి తీసుకెళ్ళారు. బెంచీల నిండా చనిపోయినవాళ్ళ బట్టలు పరిచి ఉన్నాయి. అందులో ఒక గళ్ళచొక్కా చూశాను అక్కా. మన సందీప్‌కి అలాంటిదే ఉండేది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ కాసేపూ నాకు రువాండా లేదు, మోపిదేవి అవతల మన పేటే ఉంది.

ఆగస్టులో బందరు కోర్టు వాయిదా ఉందిగా. శివరామయ్య గారు సాక్ష్యం చెబుతానన్న మాట మీదే ఉన్నాడా? ఒకసారి గుర్తు చెయ్యి.

నీ తమ్ముడు
శశిధర్


మన పేట, 18 జులై 2025

ఒరేయ్ శశీ,

దీవెనలు. ఉప్పుచేపలు పారేశారా? దేశమంతా బాగుపడిందన్నావు, మంచి చేప ముక్క విలువ తెలియనివాళ్ళు ఏం బాగుపడ్డట్టు? నాగాయలంక నుంచి తెప్పించి, ఎండలో కాకులకి కాపలా కూర్చుని మరీ ఎండబెట్టాను. పోన్లే, కందిపొడైనా నీ నోటికి అందింది.

చెవి మిషను బీరువాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే లోకం వినబడదురా, మిషనే వినబడుతుంది. కీచుమని ఒకటే గోల. అంగన్‌వాడీలో ఇంతకాలం పిల్లల ఏడుపులు విన్నాను, ఇక చాలు.

శివరామయ్య మాట మీదే ఉన్నాడు. మొన్న మోపిదేవి గుడికెళ్ళే బస్సు ఆగితే టీలు పోస్తూ కూడా నా వైపు చెయ్యెత్తి చూపించాడు, వస్తానని. కాలవ లాకు దగ్గర తన టీకొట్టులోంచి ఆ రోజు చూసింది ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా మాకు తెలియదన్నవాళ్ళే. దేవుడు ఆయన గుండె గట్టిగా ఉంచాలి.

మొన్న ఆదివారం కూడా నేను చర్చిలో రొట్టె తీసుకోవటానికి ప్రభువు బల్ల దగ్గరికి లేవలేదు. నాలుగేళ్ళుగా అంతేగా. గొడవ ఉన్నవాళ్ళు చేతులు కలుపుకున్నాకే రొట్టె ముట్టుకోవాలన్నది మన సంఘం కట్టుబాటు. నేను ఎవరితో కలపను? నేనే చంపానని ఒక్కడు నోరు విప్పితే కదా. అందుకే అందరూ లేచినప్పుడు నేనూ వెన్నెలా చాప మీదే ఉంటాం. ఊరు మర్చిపోదామనుకున్నప్పుడల్లా మేం కనబడతాం. మన పేట పాస్టరు గారికి మా చాప అంటే మంట.

ఇంకో సంగతి. సోమవారం కొండమ్మ వచ్చింది మా గుమ్మంలోకి. అవును, చిన్నబాబు వాళ్ళమ్మే. వెన్నెల టైలరింగుకి వెళ్ళింది, నేనొక్కదాన్నే ఉన్నాను. మొహం పీక్కుపోయి ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడితే లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగింది. ఏదో అంది, వినబడలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఒకప్పుడు వదినా వదినా అనుకునేవాళ్ళం. ఏంటో.

చలిగా ఉందంటున్నారు అక్కడ. చెవులకి మఫ్లరు కట్టుకో. నీ చెవులైనా మిగలాలి.

మీ అక్క
సువార్తమ్మ


కిగాలి, 21 జులై 2025

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి మోకాళ్ళ మీద పడ్డాను. నువ్వు అంత మామూలుగా రాశావు గానీ, కొండమ్మ నీ గుమ్మంలోకి రావటమంటే ఏంటో నీకు తెలియటం లేదు. మేం వేల మైళ్ళు వచ్చి ఇక్కడ వెతుకుతున్నది అదే!

నిన్న ఒక ఊరికి తీసుకెళ్ళారు. కొండ మీద వరసగా రేకుల ఇళ్ళు. చంపినవాళ్ళూ, చచ్చినవాళ్ళ తాలూకు మనుషులూ పక్కపక్క ఇళ్ళల్లో ఉంటున్నారు. ఒక ముసలాయన, ఒక పెద్దావిడ ఒకే బల్ల మీద కూర్చుని మాతో మాట్లాడారు. ఆయన ఆవిడ భర్తని చంపినవాడు. ఇప్పుడు ఆవిడ మేకకి జబ్బు చేస్తే ఆయనే ఆకు కోసుకొస్తాడట. మా పాస్టరు గారు అందరి ముందూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

అక్కా, కొండమ్మ క్షమాపణ అడగటానికే వచ్చింది. కళ్ళు తుడుచుకుందంటే ఇంకేముంటుంది? నీకు వినబడకపోయినా నీ చెయ్యి నీళ్ళు తెచ్చిచ్చింది చూడు. నీ మనసు నీకంటే ముందే నడుస్తోంది.

వచ్చే ఆదివారం ఇక్కడి చర్చిలో మాలో ఒకరు సాక్ష్యం చెప్పాలి. నన్ను చెప్పమంటున్నారు. ఇలా చెబుదామనుకుంటున్నాను. మా ఊళ్ళో రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు మంచినీళ్ళ చెరువులోకి వదిలారు. మా మేనల్లుడు సందీప్ ఆ కాలవకి అడ్డుకట్ట వేశాడు. రొయ్యల చెరువు నడిపే కుర్రాడు చిన్నబాబు, మా సంఘంవాడే, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి లాకు దగ్గర పారతో కొట్టి చంపాడు. వాడు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. ఇదీ మా గాయం, అని.

సందీప్ గురించి ఇక్కడ చెప్పనా? నువ్వు సరేనంటేనే చెబుతాను.

నీ శశి


మన పేట, 24 జులై 2025

శశీ,

చెప్పు. ఎందుకు చెప్పొద్దంటాను? నా కొడుకు పేరు నలుగురి చెవినీ పడాలనే కదా నేను పాకులాడేది. ఇక్కడివాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, అక్కడి నల్లమ్మలైనా వింటారు. పార అని చెప్పేటప్పుడు మాత్రం, వెనక నుంచి కొట్టారని చెప్పు. వాడే కాలు జారి లాకు మీద పడ్డాడని వాళ్ళ వకీలు అంటున్నాడు.

నువ్వు రాసిన ఆ ముసలాయన సంగతి వెన్నెల ఫోనులో రెండుసార్లు చదివాను. ఒకటడుగుతాను, కనుక్కుని రాయి. ఆయన ‘నేనే చంపాను’ అని చెప్పింది ఎప్పుడు? ఆవిడ క్షమించకముందా, తర్వాతా? వెన్నెలకీ నాకూ పందెం. ముందే చెప్పి ఉంటాడని నేనంటున్నాను.

కొండమ్మ గురించి నువ్వు ఊరికే ఊహించుకోకు. వాళ్ళాయన మంచంలో ఉన్నాడంట, ఆ బాధతో వచ్చిందేమో. ఇక్కడ నీళ్ళ ట్యాంకరు వారం నుంచి రావటం లేదు, చెరువు నోట్లో పెట్టుకునేటట్టు లేదు. దాహంతో గుమ్మంలో నిలబడ్డ మనిషికి నీళ్ళు ఇవ్వకుండా ఎట్టా ఉంటాను? నా కొడుకు మంచినీళ్ళ కోసమే పోయాడురా. వాడి ఇంట్లో నీళ్ళు లేవని నేను ఎవరితోనూ అనను. కుక్కకైనా పోస్తాను.

వర్షాలు లేవు. నారుమళ్ళు ఎండుతున్నాయి. వాయిదా ఆగస్టు ఆరున. నువ్వు అప్పటికి వచ్చేస్తావుగా, మాతో బందరు రా.

మీ అక్క


కిగాలి, 28 జులై 2025

ప్రియమైన అక్కకి, సంతోషంతో రాస్తున్నాను.

నిన్న చెప్పాను. శనివారం ఊరంతా కలిసి రోడ్లు ఊడ్చే పని ఉంటుంది ఇక్కడ, అందులో మేం కూడా పారలు పట్టాం. పార పట్టుకోగానే నాకు సందీప్ గుర్తొచ్చాడు. ఆదివారం ఆ మాటతోనే మొదలుపెట్టాను. వెనక నుంచి కొట్టారని నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను.

ఆ తర్వాత నేను అనుకోని మాటలు నోట్లోకి వచ్చాయి. చంపినవాడి తల్లి మా అక్క గుమ్మంలోకి వచ్చి కన్నీళ్ళతో క్షమాపణ అడిగింది, మా అక్క తన చేత్తో మంచినీళ్ళిచ్చి ఆ కుటుంబాన్ని క్షమించింది అన్నాను. చర్చి మొత్తం లేచి నిలబడింది అక్కా. సువార్తమ్మ, సువార్తమ్మ అని నీ పేరు పలకటానికి ఎంత కష్టపడ్డారో! ముసలమ్మలు వచ్చి నా తల నిమిరారు. మనకి జరిగినదానికి ఒక అర్థం దొరికినట్టనిపించింది. ఈ నాలుగేళ్ళలో నేను కడుపునిండా ఊపిరి పీల్చుకున్నది నిన్ననే.

ఆ కొండ ఊరి పెద్దావిడ కూడా వచ్చింది. దుబాసీ చేత ఒక్క మాట అడిగించింది. ‘ఇదంతా ఇక్కడ చెప్పటానికి మీ అక్క ఒప్పుకుందా?’ అని. ఒప్పుకుందన్నాను. నీ ఉత్తరం ఫొటో నా ఫోనులోనే ఉంది.

నువ్వడిగిన ప్రశ్న ఆ హడావుడిలో మర్చిపోయాను. ఈసారి అడుగుతాను. పాస్టరు గారు వీడియో తీయించారు. తెలుగులోనే మాట్లాడాను కాబట్టి మన సంఘాల గ్రూపులన్నిటికీ అప్పుడే పంపేశారట. వెన్నెలని చూపించమను.

నీ శశి


మన పేట, 30 జులై 2025

శశిధర్‌కి,

చూశాను. నాకు వినబడకపోతే వెన్నెల కాగితం మీద రాసి చూపించింది.

నేనెప్పుడు క్షమించానురా? ఎవర్ని? కొండమ్మ క్షమాపణ అడిగిందని నీకెవరు చెప్పారు? వినబడలేదని రాసిన దాన్ని నేను, విన్నవాడివి నువ్వా! సందీప్ గురించి చెప్పమన్నాను. నా నోట్లో నాలుక పీకి నీ నోట్లో పెట్టుకోమన్నానా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్ళు అడక్కుండానే నువ్వు పెట్టేశావు.

చిన్నబాబు మనుషులు పొద్దున శివరామయ్య కొట్టు దగ్గర ఆ వీడియో పెద్ద సౌండు పెట్టి ఆడించారంట. బస్సు దిగినవాళ్ళంతా చూశారు. ‘ఏం శివరామయ్యా, తల్లే వదిలేస్తే నీకెందుకు దురద? పైగా నువ్వు మా సంఘంవాడివి కూడా కాదు. ఇంటివాళ్ళు ఇంటివాళ్ళు కలిసిపోయాక మధ్యలో మాడిపోయేది నువ్వేగా’ అన్నారంట. నేను పరిగెత్తాను. ‘అదేం లేదు శివరామయ్యా, మా తమ్ముడు తెలియక వాగాడు’ అన్నాను. ఆయన గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. 

ఆ వీడియో తీయించెయ్యి. ముందు ఆ పని చెయ్యి.

సువార్తమ్మ


కిగాలి, 1 ఆగస్టు 2025

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియటం లేదు. పాస్టరు గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ‘దేవుడు వాడుకుంటున్న సాక్ష్యాన్ని తీసెయ్యమంటావేంటి బ్రదర్’ అన్నారు. ఆఖరికి తీయించారు. కానీ అప్పటికే ఎవరి ఫోనుల్లో వాళ్ళకి చేరిపోయింది.

నేను చెడు తలపెట్టలేదక్కా. నీకు తెలుసు. ఇక్కడ రోజూ అదే మాట వింటూ వింటూ, మనింట్లో కూడా అది జరిగితే బాగుండునని ఆశపడ్డాను. జరిగిందని నమ్మేశాను.

నువ్వడిగింది కనుక్కున్నాను. ఆ ముసలాయన ముందే చెప్పాడట. కొండ మీద వాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఊరి పెద్దలు విచారణ చేసిన రోజుల్లో, జనం మధ్య నిలబడి ఎక్కడ చంపిందీ, ఎక్కడ పూడ్చిందీ చెప్పాడట. ఆవిడ ఎముకలు తీయించుకుని మట్టి చేసుకుంది. ఆయన జైలుకి పోయొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి గానీ ఆవిడ ఆయనతో మాట్లాడలేదట. పందెం నువ్వే గెలిచావు.

ఆరో తారీఖుకి తప్పకుండా కోర్టు దగ్గర ఉంటాను. శివరామయ్య గారితో నేను మాట్లాడతాను.

శశి


మన పేట, 8 ఆగస్టు 2025

శశికి,

కోర్టు బయట నువ్వు మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంటే పలకరించకుండా వచ్చేశాను. పలకరిస్తే కొట్టేదాన్ని. అందుకని రాస్తున్నాను.

శివరామయ్య బోనెక్కి ఏం చెప్పాడో నాకు వినబడలేదు. ఆయన పెదాలు చూశాను. చాలా కొంచెం కదిలాయి. సర్కారు వకీలు మళ్ళీ మళ్ళీ అడిగాడు, శివరామయ్య తల అడ్డంగా ఊపాడు. వెన్నెల నా చెయ్యి గోళ్ళతో నొక్కింది. నాకు అర్థమైపోయింది. ఆ రోజు కొట్టు మూసి బందరు ఆసుపత్రికి పోయానన్నాడంట. పాపం, ఆయన తప్పు ఏముంది? రోజూ చిన్నబాబు మనుషులకి టీలు పోసి బతకాలి. మా కోసం ఇన్నాళ్ళు నిలబడ్డాడు. మేమే కూర్చుండిపోయామని నువ్వు ప్రపంచానికి చాటాక ఇంకా ఒక్కడే ఎందుకు నిలబడతాడు?

బస్సులో వస్తుంటే బందరు దాటాక వెన్నెల ఒక్కసారిగా ఏడ్చింది. పక్కన కూర్చున్నావిడ ఏదో తింటున్న పొట్లం పక్కన పెట్టి దాని వీపు నిమిరింది.

దాని మాట కింద అదే రాస్తుందంట. నేను చదవను.

అక్క

మావయ్య గారికి, వెన్నెల రాయునది. మీరు క్షమించేటప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. ఆయన నా భర్త. కనీసం వీడియోలో నా పేరు కూడా లేదు, అందుకు మాత్రం సంతోషం.


గుడివాడ, 12 సెప్టెంబరు 2025

అక్కకి,

జవాబు రాయవని తెలిసీ రాస్తున్నాను. సర్కారు వకీలు గారి దగ్గరికి మూడుసార్లు తిరిగాను. నేను కోర్టులో నిలబడి, ఆ క్షమాపణ మాట నా కల్పన అని చెబుతానన్నాను. ‘మీ క్షమాపణతో కోర్టుకేం పని మాస్టారూ, అది కేసులోనే లేదు. చూసినవాడు చూడలేదన్నాడు, అదీ కేసు’ అన్నారు. శివరామయ్య గారి కొట్టుకి వెళ్ళాను. టీ ఇచ్చాడు. ‘మీ ఇంటి పంచాయితీలో నన్నింక లాగొద్దండీ’ అన్నాడు. మీ అని ఎంత మర్యాదగా అన్నాడో.

కాలేజీలో పాఠం చెబుతుంటే మధ్యలో ఆగిపోతున్నాను. పిల్లలు అలవాటుపడ్డారు. సందీప్‌కి సైకిలు నేర్పింది నేను. వాడు కాలవలో పడితే నువ్వు నన్ను చీపురు పెట్టి తరిమావు. ఇప్పుడు కూడా అలా తరిమితే బాగుండును.

ఒక్కసారి రమ్మను. గుమ్మం బయటే నిలబడతాను.

శశి


మన పేట, 14 అక్టోబరు 2025

శశికి,

తీర్పు వచ్చింది. నువ్వు పేపర్లో చూసే ఉంటావు. సాక్ష్యం చాలదని ముగ్గుర్నీ వదిలేశారు. పై కోర్టుకి వెళ్ళొచ్చంట. అక్కడికి వెళ్ళినా శివరామయ్య పోయిన చూపు తిరిగి రాదుగా.

సాయంత్రం పేటలో టపాకాయలు కాల్చారు. నాకు వినబడలేదు గానీ గోడ మీద వెలుగు కనబడింది. వెన్నెల తలుపులు వేసింది.

ఇది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటి పోటు. పాస్టరు గారు వచ్చారు, ఆయన మాటలు వెన్నెల కాగితం మీద రాసి చూపించింది. నవంబరు మొదటి ఆదివారం సమాధాన కూడిక పెడుతున్నారంట. రువాండా వెళ్ళొచ్చిన మీవాళ్ళు చేయించిన బ్యానరు కూడా ఉందంట, దాని మీద నువ్వు మైకు పట్టుకున్న ఫొటో. చిన్నబాబు ముందుకొస్తాడు, నేను చెయ్యి కలపాలి, అందరం రొట్టె తీసుకోవాలి. ‘కోర్టు కూడా తేల్చేసిందిగా అమ్మా, ఇంకా ఆ చాప ఎందుకు’ అన్నారు.

వాడు చేశానని చెబుతాడా అని అడిగాను. దేవుడికి అన్నీ తెలుసమ్మా అన్నారు. దేవుడికి తెలిస్తే చాలనుకుంటే నేను బందరు కోర్టు చుట్టూ ఎందుకు తిరిగాను? నాకు మనుషులకి తెలియాలి. ఒక్క మనిషి నోట ఒక్కసారి వినాలి. అదొక్కటే నేను అడిగింది.

నువ్వు రావద్దు.

సువార్తమ్మ


గుడివాడ, 25 అక్టోబరు 2025

అక్కా,

వస్తాను. నువ్వు వద్దన్నా వస్తాను. బ్యానరు మీద నా మొహం పెట్టారు కాబట్టి మైకు నాకివ్వక తప్పదు. అక్కడే, ఆ జనం ముందే, నేను రువాండాలో చెప్పింది అబద్ధమని చెబుతాను. మా అక్క క్షమించలేదు, ఆమెని ఎవరూ క్షమాపణ అడగలేదు, సందీప్‌ని ఎవరు చంపారో ఈ పందిట్లో అందరికీ తెలుసు అంటాను. నోటితో పోగొట్టింది నోటితోనే తెస్తాను.

ఈ ఒక్కసారి నన్ను నమ్ము.

శశి


మన పేట, 10 నవంబరు 2025

శశీ,

ఈ ఉత్తరం ఫొటోలో కాదు, పోస్టులో వస్తుంది. వెన్నెల వెళ్ళిపోయింది. బందరు దగ్గర గిలకలదిండిలో వాళ్ళక్క దగ్గర ఉండి, చేపలు గ్రేడింగు చేసే షెడ్డులో పనికి పోతుందంట. ‘మీరు కూడా రండి అత్తయ్యా’ అని రాసింది. రానన్నాను. వాడి సమాధి ఇక్కడుంది. అది ఫోను తీసుకుపోయింది, కుట్టుమిషను మాత్రం ఉంచింది. బహుశా తిరిగి వస్తానని నన్ను నమ్మించటానికి.

కూడిక రోజు నువ్వు మైకు పట్టుకోవటం చూశాను. నీ మెడ నరాలు పొంగటం చూశాను. అప్పుడే పాస్టరు గారు చేయి ఊపారు, అందరూ నోళ్ళు తెరిచారు, చప్పట్లు మొదలయ్యాయి. నీ మైకు ఆపేసి పాట ఎత్తుకున్నారని తర్వాత వెన్నెల రాసి చూపించింది. నువ్వు మైకు లేకుండా కూడా అరిచావంట. నాకైతే అందరి నోళ్ళూ ఒకేలా ఆడుతున్నాయి. ఎవరు నిజం అరుస్తున్నారో, ఎవరు పాట పాడుతున్నారో ఏం తెలుస్తుంది? నిన్ను రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోతుంటే లేచి రావాలనుకున్నాను. చాప మీదే ఉండిపోయాను.

తర్వాత చిన్నబాబు ఏం చెప్పాడో నీకు తెలియదుగా, నువ్వు బయటున్నావు. తెల్లబట్టలు వేసుకుని నిలబడి, ‘నా మీద అబద్ధపు కేసు పెట్టి నాలుగేళ్ళు ఏడిపించినా, సువార్తమ్మ అత్తని నేను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను’ అన్నాడంట. జనం ఆమెన్ అన్నారంట. వెన్నెల అది కాగితం మీద రాసి నా ఒళ్ళో పెట్టి, ఆ చాప మీంచి లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

వాడు రొట్టె తీసుకున్నాడు. నేను తీసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ చాప మీద కూర్చుంటే ఊరికి వాడి పాపం గుర్తొచ్చేది. ఇప్పుడు చూసేవాళ్ళకి పాపిని నేనే, క్షమించినా లొంగని ముండని. సరేలే.

నీ మీద కోపం పోయిందో లేదో నాకే తెలియదు. నువ్వు ఆ ముసలాయన్నీ పెద్దావిడనీ బల్ల మీద చూశావు, ఆ బల్ల దాకా వాళ్ళు నడిచిన దారి నీకెవరూ చూపించలేదు. నువ్వూ చూపించమనలేదు. నా కొడుకుని వాళ్ళొకసారి చంపారు. వాడు చచ్చిన సంగతిని మనింటివాడివి నువ్వు చంపావు. ఇది నిన్ను ఏడిపించటానికి రాయలేదు, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి, నాకు ఉన్నది నువ్వొక్కడివే.

నిన్న మధ్యాహ్నం కొండమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి నేల మీద కూర్చుంది. వాళ్ళాయన పోయాడు కిందటి వారం. నేను చూడటానికి వెళ్ళలేదు. మంచినీళ్ళిచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగి, నా మొహంలోకి చూస్తూ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఒకచోట సందీప్ అన్నట్టు పెదాలు కదిలాయి. ఒకచోట చేత్తో బట్ట ఉతుకుతున్నట్టు చేసి చూపించింది. చిన్నబాబు ఆ రోజు వేసుకున్న చొక్కా అనుకుంటా. 

బీరువా దగ్గరికి పరిగెత్తాను. మిషను తీసి చెవిలో పెట్టుకున్నాను. కీచుమని కూడా అనలేదు. ఎప్పుడో చచ్చిపోయింది అది. ‘వదినా, ఇంకోసారి చెప్పు, గట్టిగా చెప్పు’ అన్నాను. నేనెంత గట్టిగా అన్నానో నాకు తెలియదు గానీ, ఆమె ఉలిక్కిపడి వీధి వైపు చూసింది. వీధిలో వాళ్ళ పాలేరు నిలబడి ఉన్నాడు. కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టాను. కొండమ్మకి రాయటం రాదుగా, సంతకం కూడా వేలిముద్రే. ఆ పెన్ను వైపు చూసి, గ్లాసు బోర్లించి, లేచి వెళ్ళిపోయింది.

చెప్పింది శశీ. ఒక్క మనిషి నోట వినాలని నాలుగేళ్ళు ఎదురుచూశాను. ఎదురుగా కూర్చుని చెప్పింది, నాకు వినబడలేదు. ఇంక రాదు. వాళ్ళింట్లోవాళ్ళు రానివ్వరు.

చెవి మిషనుకి బ్యాటరీలు పంపుతానని రాస్తావు, తెలుసు. పంపకు. ఇంక నేను వినాల్సింది ఏమీ లేదు.

ఒకవేళ కొండమ్మ ఎప్పుడైనా దాహంతో వస్తే నీళ్ళిస్తాను. ఎవరొచ్చినా ఇస్తాను. అది క్షమాపణ అని మాత్రం ఎవరితోనూ చెప్పకు.

మీ అక్క
సువార్తమ్మ